నిర్ణయపు బల్ల యొద్ద మనవారు
విదేశ ఉన్నత విద్యా వేతనముల చరిత్ర – ఒక పరిశీలన

శతవార్షిక సంచికలలో దేవాలయముల కట్టుబడి, మిషనరీ దొరల రాక, ఆసుపత్రుల స్థాపన, పాఠశాలల అభివృద్ధి మొదలగు విషయములు వ్రాయుట ఆనవాయితీ. వాటిని మాకంటె బాగుగా ఎరిగిన పెద్దలు వ్రాయుచున్నారు. మేము ఎన్నుకొనిన విషయము వేరు. పట్టభద్రులైన విద్యార్థులు సముద్రము దాటి పై చదువులు చదువుకొనుటకు సొమ్ము ఇచ్చు సంస్థలు లోకములో చాల ఉన్నవి. ఆ సొమ్ము ఎవరికి ఇవ్వవలెనో తేల్చుటకు ప్రతి సంస్థకును ఒక బోర్డు ఉండును. ఆ బోర్డులో ఎవరు కూర్చుందురు? ఏమి అడుగుదురు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల విద్యార్థి దరఖాస్తు ఆ బల్ల మీదికి వచ్చినప్పుడు దానిని సరిగా చదువగలవారు అక్కడ ఉందురా? ఇదియే ఈ వ్యాస విషయము.

వైదిక కళాశాలలో చదువు ముగించి సేవలో ప్రవేశించిన తరువాత మేము కొన్ని సంవత్సరములు అటువంటి ఒక ఎంపిక సంఘములో సభ్యులుగా కూర్చుంటిమి. అక్కడ చూచినది కొంత, చరిత్రలో చదివినది కొంత కలిపి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గల్ఫు దారి, చదువు దారి

మన ప్రాంతమునకు పాస్‌పోర్టు కొత్త వస్తువు కాదు. 1970ల నుండి ఉమ్మడి కరీంనగర్ జిల్లా పల్లెలలోని మగవారు దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ దేశములకు కూలికి పోవుచునే ఉన్నారు. జగిత్యాల, కోరుట్ల చుట్టు ఉన్న గ్రామములలో గల్ఫుకు మనిషిని పంపని వాడ అరుదు. సిరిసిల్ల నేతగాండ్రు అంతకు ముందునుండియే భీవండి, బొంబాయి మిల్లుల దారి ఎరుగుదురు. వీసా ధర ఎంత, ఏజెంటు ఎవరు, మిత్తికి అప్పు ఎవరు ఇచ్చెదరు – ఈ సంగతులు చదువురాని తల్లియు చెప్పగలదు.

అయితే అదే ఇంటిలో డిగ్రీ పూర్తి చేసిన బిడ్డ ఉన్నచో, ఆ బిడ్డ చదువు కొరకు విదేశము పోవుటకు ఎవరైనా సొమ్ము ఇచ్చెదరా అని అడిగినయెడల జవాబు చెప్పువారు లేరు. రెక్కల కష్టము అమ్ముకొనుటకు పోవు దారి ఊరంతటికి తెలియును. తెలివికి విలువ కట్టి పిలుచు దారి ఎవరికిని తెలియదు. దూరము ఒకటే, విమానము ఒకటే. తేడా ఎక్కడ వచ్చినది? మొదటి దారికి ప్రతి ఊరిలో ఒక ఏజెంటు ఉన్నాడు. రెండవ దారికి సంబంధించిన బోర్డులు ఎక్కడనో పట్టణములలో కూర్చున్నవి. వాటిలో మన ఊరివాడు ఒక్కడు లేడు.

దాత ఒక్కరే నిర్ణయించిన కాలము

తొలి రోజులలో బోర్డు అనునది లేదు. దాతయే బోర్డు. మన హైదరాబాదు సంస్థానములోనే దీనికి పేరుపొందిన నిదర్శనము ఉన్నది. 1895లో సరోజినీ చట్టోపాధ్యాయ, అనగా తరువాత కాలపు సరోజినీ నాయుడు, నిజాము ప్రభుత్వము ఇచ్చిన విద్యార్థి వేతనముతో ఇంగ్లండుకు పోయినది. అప్పుడు ఆమె వయస్సు పదునారు సంవత్సరములు. లండనులోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గర్టన్ కళాశాలలోను చదివినది. ఆమె తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయ గారు ఎడింబరోలో డి.ఎస్సి. పట్టము పొంది వచ్చి, హైదరాబాదు నగరములో కళాశాల నడిపిన పండితుడు. బిడ్డ ప్రతిభావంతురాలు, సందేహము లేదు. అయినను ఆ ప్రతిభ పాలకుని చెవిని పడుటకు తండ్రి ఉన్న స్థానము తోడ్పడినదనుట కూడ నిజము. అదే 1895లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు ఎలగందుల జిల్లాలో ఉండెను. ఆ జిల్లాకు కరీంనగరు పేరు వచ్చినది 1905లో. ఎలగందుల జిల్లాలో అంతటి తెలివిగల బాలిక ఒకతె ఉన్నదనుకొనుడు. ఆమె సంగతి నగరము దాక మోసుకొనిపోవువారు ఎవరు?

రెండవ నిదర్శనము బరోడా. 1913లో మహారాజా శాయాజీరావు గైక్వాడు గారి ధనసహాయముతో భీమరావు అంబేడ్కరు గారు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయినారు. తిరిగి వచ్చి పది సంవత్సరములు బరోడా సంస్థానములో కొలువు చేయవలెననునది షరతు. 1917లో వారు షరతు ప్రకారము బరోడాకు వచ్చినారు. కొలంబియాలో చదివి వచ్చిన ఆ విద్వాంసునికి ఆ పట్టణములో తల దాచుకొనుటకు ఒక గది దొరకలేదు. అస్పృశ్యుడని తెలిసి ఉన్న బస కూడ ఖాళీ చేయించినారు. కొద్ది దినములకే బరోడా విడిచిపోవలసి వచ్చినది. మహారాజు గారి ఔదార్యము గొప్పదే. పంపుట ఎట్లో వారికి తెలిసినది. తిరిగి వచ్చినవానిని నిలుపుకొనుట ఎట్లో ఆ వ్యవస్థ ఆలోచించలేదు. విద్యా వేతనము ఇచ్చు ప్రతి సంఘమును ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

జంషెడ్జీ టాటా గారు 1892లో స్థాపించిన నిధి మరియొక విధమైనది. అది దానముగా కాక అప్పుగా ఇచ్చు వేతనము. చదివినవాడు తిరిగి చెల్లించినయెడల ఆ సొమ్ము మరియొకనికి పనికివచ్చును. కేరళలోని దళిత కుటుంబములో పుట్టిన కె.ఆర్. నారాయణన్ గారు 1945లో టాటా వేతనముతోనే లండను స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు పోయినారు. 1997లో వారు భారత రాష్ట్రపతి అయినారు.

సెసిల్ రోడ్స్ 1902లో చనిపోయి, తన ఆస్తినుండి ఆక్స్‌ఫర్డులో చదువుటకు వేతనములు ఏర్పాటు చేసినాడు. జాతినిబట్టి గాని మత విశ్వాసమునుబట్టి గాని ఎవరిని అనర్హులుగా ఎంచరాదని వీలునామాలో వ్రాసినాడు. అయినను భారతదేశమునకు ఆ వేతనములు దక్కుటకు 1947 దాక పట్టినది. స్త్రీలకు ద్వారము తెరచుటకు 1977 వచ్చినది. కాగితము మీద సమానత్వము వ్రాయుట ఒకటి, బల్ల యొద్ద దానిని జరిగించుట మరియొకటి అని ఇందువలన తేటపడుచున్నది.

సంఘముల అనుభవము

ఈ విషయములో క్రైస్తవ సంఘములు నేర్చుకొనిన పాఠము మిక్కిలి విలువైనది. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియా సంఘముల వారు ఇరువది మందికి మించరు. వారిలో వి.ఎస్. అజరయ్య గారు ఒకరు. అప్పటికి ఒక సంవత్సరము క్రితమే వారు దోర్నకల్లులో సేవ ఆరంభించి యుండిరి. మిషనరీలకును స్వదేశీయ సేవకులకును మధ్య దాత–గ్రహీత సంబంధము కాక స్నేహ సంబంధము ఉండవలెనని వారు ఆ సభలో నిర్భయముగా చెప్పినారు. చాలమందికి అది రుచించలేదు. 1912 డిసెంబరు 29న వారు కలకత్తాలో అభిషేకము పొంది ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయినారు.

స్నేహము అనగా ఏమి? ఒకే బల్ల యొద్ద కూర్చుండుట. ఒకడు ఇచ్చుచు, ఒకడు చేయి చాచుచు ఉన్నంతకాలము స్నేహము మాటలలోనే ఉండును.

ఆ మాట ధన వ్యవహారములలో పరీక్షకు వచ్చినది అర్ధశతాబ్దము తరువాత. 1957 డిసెంబరు చివర ఆఫ్రికాలోని ఘానా దేశములో అంతర్జాతీయ మిషనరీ మండలి సభ కూడినది. 1958 జనవరిలో ఆ సభ వైదిక విద్యా నిధి ఒకటి స్థాపించుటకు నిర్ణయించినది. దాని మూలధనము 40 లక్షల డాలర్లు. అందులో సగము జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియరు గారి దాతృత్వ నిధినుండి వచ్చినది. మిగిలిన సగము అమెరికా మిషన్ బోర్డులు కూర్చినవి. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలలోని వైదిక కళాశాలలకు గ్రంథాలయములు, స్థానిక భాషలలో పాఠ్యపుస్తకములు, అధ్యాపకులకు పై చదువులు – ఇవి దాని పనులు. 1961లో ఢిల్లీలో జరిగిన మహాసభలో ఆ మిషనరీ మండలి ప్రపంచ సంఘముల సమాఖ్యలో కలిసినది.

మొదటి కాలములో ఆ నిధివారు అడిగిన ప్రశ్న ఇది: మీ కళాశాలలు పాశ్చాత్య కళాశాలల ప్రమాణమునకు ఎంత దగ్గరగా వచ్చినవి? 1970లలో ప్రశ్న మారినది: మీ చదువు మీ ప్రజల బ్రతుకునకు ఎంత దగ్గరగా ఉన్నది? ఈ మార్పు ఊరక రాలేదు. బల్ల చుట్టు కూర్చుండువారు మారినందువలన వచ్చినది. తైవాను దేశీయుడైన షోకి కో గారు దర్శకులైనారు. మలేషియానుండి ఐవీ చౌ గారు, బ్రెజిల్ నుండి ఆరోన్ సప్సెజియన్ గారు, దక్షిణాఫ్రికానుండి డెస్మండ్ టూటు గారు వచ్చి కార్యనిర్వాహకులుగా కూర్చున్నారు. సువార్తయు వేదాంత విద్యయు ఆయా ప్రజల సందర్భమునుండి పలుకవలెనను భావమునకు 1972లో ఆ కార్యాలయమే పేరు పెట్టినది. ఇప్పుడు వైదిక కళాశాలలలో మొదటి సంవత్సరపు విద్యార్థి కూడ సందర్భీకరణము అను మాట వాడుచున్నాడు. అది పుట్టినది వేతనములు, గ్రాంటులు పంచు ఒక ఆఫీసులో అని చాలమందికి తెలియదు.

టూటు గారి సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. 1962లో ఆయన లండను కింగ్స్ కళాశాలలో చదువుటకు పోయినది ఈ నిధి సహాయముతోనే. 1966లో ఎం.టి.హెచ్. పట్టము పొంది స్వదేశమునకు తిరిగి పోయినారు. 1972లో అదే నిధికి ఆఫ్రికా విభాగపు సహదర్శకులై వచ్చి, 1975 వరకు లండను సమీపమున బ్రోమ్లీలోని కార్యాలయములో పని చేసి, ఆఫ్రికా దేశములు తిరిగి ఏ కళాశాలకు, ఏ విద్యార్థికి సహాయము చేయవలెనో పరిశీలించినారు. నిన్న దరఖాస్తు పెట్టినవాడు నేడు దరఖాస్తులు చదువువాడైనాడు. 1984లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము వచ్చినందున లోకము ఆయనను ఎరుగును. బ్రోమ్లీ ఆఫీసులో మూడు సంవత్సరములు ఫైళ్ళు చదివిన టూటు గారిని మాత్రము ఎవరును స్మరించరు. మా దృష్టిలో అదియు గొప్ప పరిచర్యయే.

మన తెలుగు సంఘములకు కూడ ఈ చరిత్రలో పాలు ఉన్నది. 1964లో రాజమండ్రిలో వేర్వేరు సంఘముల వైదిక పాఠశాలలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడినది. 1970ల ఆరంభములో అది హైదరాబాదునకు మారినది. అచ్చట ప్రధానాచార్యులుగా ఉన్న పి. విక్టర్ ప్రేమసాగర్ గారు బ్రిటనులో ఉన్నత విద్య ముగించి, తిరిగి వచ్చి, పాత నిబంధన బోధించినారు. తరువాత మెదక్ బిషప్పుగాను, 1988 నుండి 1992 వరకు దక్షిణ ఇండియా సంఘపు మోడరేటరుగాను పని చేసినారు. విదేశ విద్య ఒక వ్యక్తి గోడమీద వ్రేలాడు పట్టముగా మిగులక, తరగతి గదిద్వారా వందలాది కాపరుల ప్రసంగములలోనికి ఎట్లు ప్రవహించునో ఇది మంచి దృష్టాంతము.

ప్రభుత్వముల బోర్డులు

స్వాతంత్ర్యము తరువాత ఈ వేతనములు ప్రభుత్వముల మధ్య ఒడంబడికలుగా మారినవి. రెండవ ప్రపంచ యుద్ధములో మిగిలిన సామగ్రిని అమ్మగా వచ్చిన సొమ్మును విద్యార్థుల మార్పిడికి వినియోగింపవలెనని 1946లో అమెరికాలో సెనేటరు ఫుల్‌బ్రైట్ గారు చట్టము చేయించినారు. భారతదేశముతో ఒడంబడిక 1950 ఫిబ్రవరి 2న జరిగినది. దీని నిర్వాహక బోర్డులో భారతీయులును అమెరికనులును కలిసి కూర్చుండుట ఆరంభమునుండి ఉన్న ఏర్పాటు. అయినను చాలకాలము సొమ్ము అమెరికాదే. 2008లో కుదిరిన కొత్త ఒడంబడిక ప్రకారము భారత ప్రభుత్వము కూడ సమానముగా సొమ్ము పెట్టుటకు పూనుకొన్నది. అప్పటినుండి ఆ వేతనములకు నెహ్రూ గారి పేరు కూడ చేరినది. ఖర్చులో సగము పెట్టువాడు బల్ల యొద్ద మొగమాటము లేకుండ మాటాడగలడు.

కామన్‌వెల్తు దేశముల విద్యా వేతన పథకము 1958లో మాంట్రియల్ సభలో ఆలోచనకు వచ్చి, 1959లో ఆక్స్‌ఫర్డు సభలో రూపు దాల్చినది. ఈ పథకములో అభ్యర్థి స్వదేశములోనే మొదటి జల్లెడ పట్టుదురు. అనగా లండనులోని కమిషను వారు చూచుటకు ముందే, ఎవరి పేరు పంపవలెనో ఇక్కడి అధికారులు తేల్చెదరు. మన దేశ ప్రభుత్వము స్వయముగా షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు విదేశ విద్యా వేతనములు ఇచ్చుట 1954–55లో ఆరంభించినది. అంబేడ్కరు గారు బరోడానుండి వెళ్ళగొట్టబడిన నలుబది సంవత్సరములలోపల ఇది జరిగినది.

మన జిల్లావారు ఇట్టి పెద్ద బల్లల యొద్ద ఎన్నడును కూర్చుండలేదా? కూర్చున్నారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పుట్టిన ఆచార్య జి. రాంరెడ్డి గారు 1982లో హైదరాబాదులో స్థాపించిన సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులు. 1985లో ఢిల్లీలో స్థాపించిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును వారే మొదటి ఉపాధ్యక్షులు. తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు అధ్యక్షులైనారు. కళాశాల మెట్టు ఎక్కలేని ఉద్యోగికి, గృహిణికి, రైతుకు ఇంటి యొద్దనే పట్టము చదువు అందించు పద్ధతి మన దేశములో వేళ్ళూనుటకు ముఖ్య కారకులు వారు. పల్లెనుండి వచ్చినవాడు అధికార స్థానములో కూర్చున్నప్పుడు తలుపు ఎక్కడ మూసియున్నదో అతనికి వేరుగ చెప్పనక్కరలేదు.

జల్లెడను మార్చిన పథకము

ఇటీవలి చరిత్రలో ఒక పథకము మా మనస్సును మిక్కిలి ఆకర్షించినది. అమెరికాలోని ఫోర్డు ఫౌండేషను వారు 2001లో అంతర్జాతీయ ఫెలోషిప్పుల పథకము ఆరంభించినారు. మొదటనే 28 కోట్ల డాలర్లు కేటాయించినారు. మన దేశముతో కలిపి 22 దేశములలో, ప్రాంతములలో అది నడిచి 2013లో ముగిసినది. 4,300 మందికి పైగా ఎం.ఏ., పి.హెచ్.డి. వంటి పై చదువులు చదివినారు.

దాని విశేషము సొమ్ములో లేదు, జల్లెడలో ఉన్నది. కులము, తెగ, లింగము, పేదరికము, అంగవైకల్యము, మారుమూల నివాసము – వీటివలన వెనుకబడినవారికే ఆ వేతనము. వయస్సు పరిమితి లేదు. మార్కులతోపాటు, తన ప్రజల కొరకు ఇదివరకు ఏమి చేసినాడు, ముందు ఏమి చేయగలడు అని చూచినారు. ఎంపిక చేయువారు న్యూయార్కులో కూర్చున్నవారు కారు. ఆయా దేశములలోని అధ్యాపకులు, సంఘసేవకులు. ఆంగ్లము చాలనివారిని తీసివేయక, ముందు ఎన్నుకొని, తరువాత ఆంగ్లము, కంప్యూటరు నేర్పి పంపినారు. ఇట్టివారిని పంపినయెడల తిరిగి రారని కొందరు పెద్దలు ఆరంభములో శంకించినారు. పథకము ముగియునాటికి చదివినవారిలో అయిదుగురిలో నలుగురు స్వదేశములోనే ఉన్నట్లు తేలినది. ఎవరికి ఇంటియొద్ద పని ఉన్నదో వారిని ఎన్నుకొనినచో వారు ఇంటికి వచ్చెదరు. ఈ చిన్న సత్యము తెలుసుకొనుటకు ప్రపంచమునకు నూరు సంవత్సరములు పట్టినది.

బోర్డు సభ్యుని పని

ఇక మేము చూచిన దానిని కొంత చెప్పెదము. బోర్డు సభ్యత్వము గౌరవముగా కనబడును. నిజమునకు అది చదువు పని, ఓర్పు పని. ఒక్కొక్క దరఖాస్తు ఇరువది, ముప్పది పుటలు. సిఫారసు ఉత్తరములు అన్నియు ఒకే మూసలో పోసినట్లు ఉండును. ప్రతి అభ్యర్థియు తెలివిగలవాడే, కష్టపడువాడే, వినయవంతుడే. వాటి వెనుక ఉన్న మనిషిని కనుగొనుటయే పని.

ఒకసారి ఒక దరఖాస్తులో తండ్రి వృత్తి యొద్ద సాంచాలు అని వ్రాసియున్నది. దూర ప్రాంతమునుండి వచ్చిన సభ్యుడొకరు అది ఊరి పేరనుకొన్నారు. సిరిసిల్లలో మరమగ్గమును సాంచె అందురని, పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలువబడి పని చేయు కార్మికుని కుమారుడితడని మేము చెప్పినాము. మరియొకరు, డిగ్రీకిని ఎం.ఏ.కిని మధ్య ఈ విద్యార్థికి రెండు సంవత్సరములు ఖాళీ ఎందుకున్నదని ప్రశ్నించినారు. ఖాళీ కాదు, తండ్రి జబ్బుపడగా ఆ రెండు సంవత్సరములు సాంచాల మీద ఇతడే నిలిచినాడని సంఘకాపరి ఉత్తరములో ఒక మూల వ్రాసియున్నది. అప్పటిదాక సోమరితనముగా కనబడిన రెండు సంవత్సరములు అప్పుడు అర్హతగా కనబడినవి. ఆ విద్యార్థి ఎన్నికైనాడా అని పాఠకులు అడుగవచ్చును. ఎవరు ఎన్నికైనదియు, ఎవరు కానిదియు సభ్యులు బయట చెప్పరాదను నియమమునకు మేము ఇప్పటికిని లోబడియున్నాము. సాంచె అను మాట తెలిసిన మనిషి ఒక్కడు ఆ గదిలో ఉండుట ఎంత అవసరమో పాఠకులు గ్రహించిన చాలును.

కోరుట్లలో బీడీలు చుట్టు తల్లి సంపాదన ఆదాయ పత్రములో ఏ వరుసలోనికి వచ్చును? తండ్రి గల్ఫులో ఉన్నాడు గాని మూడు నెలలుగా జీతము రాలేదు – ఆ కుటుంబము ధనిక కుటుంబమా, పేద కుటుంబమా? విదేశ వరుమానము అని వ్రాసినచో అర్హత పోవును, వ్రాయనిచో అబద్ధమగును. ఇట్టి ప్రశ్నలకు నియమావళిలో జవాబు ఉండదు. జవాబు ఎరిగినవాడు కుర్చీలో ఉండవలెను.

సభ్యునికి కొన్ని కట్టుబాట్లు ఉన్నవి. తన బంధువు గాని, తన సంఘ సభ్యుడు గాని దరఖాస్తు పెట్టినప్పుడు లేచి బయటకు పోవలెను, ఆ సంగతి మినిట్సులో వ్రాయించవలెను. ఫోనులో వచ్చు సిఫారసులను ఫోనులోనే విడిచిపెట్టవలెను. ఎన్నికకానివారికి కూడ మర్యాదగా, కారణముతో ఉత్తరము పంపునట్లు చూడవలెను. ఇది చెప్పుట సులభము. సంఘములలో విదేశ చదువు అనగానే పెద్దల కుటుంబముల పేర్లే వినబడునను సణుగుడు మనలో చాలకాలముగా ఉన్నది. ఆ సణుగుడును కోపముతో అణచివేయుట కంటె, ఎంపిక ఎట్లు జరిగినదో అందరికి కనబడునట్లు చేయుట మేలు. పేతురు కొర్నేలీ ఇంట నేర్చుకొనిన పాఠము, దేవుడు పక్షపాతి కాడనునది, మన కమిటీ గదులలోనికి కూడ రావలెను కదా!

ఇప్పుడు మన ముందున్న పని

2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు అంబేడ్కరు విదేశీ విద్యా నిధి ఏర్పాటు చేసినది. తెలంగాణ రాష్ట్రము వచ్చిన తరువాత 2015లో క్రైస్తవులతో కలిపి అల్పసంఖ్యాకులకును, 2016లో మహాత్మా జ్యోతిబా ఫూలే గారి పేరిట వెనుకబడిన తరగతులకును అట్టి పథకములు వచ్చినవి. మొదట పది లక్షల రూపాయలుగా ఉన్న సహాయమును ఇరువది లక్షలకు పెంచినారు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినందున సంక్షేమ కార్యాలయములు కూడ దగ్గరకు వచ్చినవి. దరఖాస్తు పెట్టుటకు కరీంనగరు దాక పోవలసిన అవసరము తగ్గినది.

అయితే ఒక చిక్కు ఉన్నది. ఈ పథకములలో మొదటి వాయిదా విద్యార్థి విదేశములో దిగినట్లు రుజువు చూపిన తరువాత వచ్చునట్లు, రెండవ వాయిదా మొదటి సెమిస్టరు ఫలితముల తరువాత వచ్చునట్లు ఏర్పాటు చేసినారు. దుర్వినియోగము జరుగకుండుటకు ఆ నియమము పెట్టినారు. కాని విమానము ఎక్కుటకు ముందే ఆంగ్ల పరీక్ష రుసుము, దరఖాస్తు రుసుము, వీసా ఖర్చు, బ్యాంకులో చూపవలసిన నిల్వ, ప్రయాణ ఖర్చు కావలెను. ఉన్నవాడు ముందు పెట్టుకొని తరువాత తీసుకొనును. లేనివాడు మిత్తికి అప్పు తెచ్చును, లేదా దరఖాస్తు పెట్టుటయే మానుకొనును. సహాయము పేదవానికే, కాని దానిని అందుకొనుటకు కొంత ధనము ముందు ఉండవలెను. ఈ ఇరుకును మహా బోర్డులు గమనించకపోవచ్చును, మన సంఘములు గమనించగలవు.

కావున మేము మూడు మనవులు చేయుచున్నాము.

మొదటిది, ప్రతి పాస్టరేటు విద్యార్థుల కొరకు ఒక చేబదులు నిధి పెట్టుకొనవలెను. అది దానము కాదు. ప్రభుత్వ వాయిదా వచ్చినప్పుడు మిత్తి లేకుండ తిరిగి చెల్లించు సొమ్ము. టాటా గారు 1892లో పెద్ద ఎత్తున చేసినది మనము చిన్న ఎత్తున చేయగలము. కోతకాలపు కానుకలో ఒక భాగము చాలును.

రెండవది, సంఘకాపరులు సిఫారసు ఉత్తరములను శ్రద్ధతో వ్రాయవలెను. వినయవంతుడు, విధేయుడు అని వ్రాసినందున ఉపయోగము లేదు. బిడ్డ ఏమి చేసినాడో వ్రాయవలెను. తెల్లవారుజామున తల్లితో బీడీ ఆకు కత్తిరించి కళాశాలకు పోయినదని వ్రాయుడు. సాయంకాలము పది మంది పిల్లలకు లెక్కలు చెప్పినాడని వ్రాయుడు. మేము పైన చెప్పిన రెండు సంవత్సరముల సంగతి ఒక కాపరి వ్రాసిన రెండు వాక్యములవలననే బల్ల మీదికి వచ్చినది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. వేతనము పొంది చదివి వచ్చినవారు తమ పని ముగిసినదని అనుకొనరాదు. బోర్డులలో, ఎంపిక సంఘములలో కూర్చుండుటకు పిలుపు వచ్చినప్పుడు తీరిక లేదని తప్పించుకొనరాదు. ఆ పనికి జీతము లేదు, పేరు రాదు, ఎన్నికకాని వారి నిష్ఠూరము మాత్రము వచ్చును. అయినను కూర్చుండవలెను. టూటు గారు కూర్చున్నారు. విదేశములలో స్థిరపడిన మన తెలుగు బిడ్డలు కూడ అక్కడి విశ్వవిద్యాలయములలో, సంస్థలలో ఈ స్థానములకు పనికిరాగలరు. వారు ఇంటికి పంపు డబ్బు కంటె, అట్టి బల్ల యొద్ద జగిత్యాల ఎక్కడున్నదో, కోరుట్ల ఎట్టిదో, సాంచె అనగా ఏమో చెప్పగల ఒక మాట కొన్నిసార్లు ఎక్కువ విలువ చేయును.

గడచిన కాలములో మన పెద్దలు పలక బలపము పట్టించి మనలను చదివించినారు. బడిలేని ఊరిలో చెట్టుక్రింద అక్షరములు దిద్దించినారు. ఆ అక్షరములు నేర్చినవారి మనుమలు, మనుమరాండ్రు నేడు పట్టభద్రులై నిలిచియున్నారు. వారిలో కొందరికైనను గల్ఫు ఏజెంటు కంటె ముందు ఒక మంచి ఉత్తరము, ఒక చేబదులు, బల్ల యొద్ద ఎరిగిన మనిషి ఒక్కడు దొరుకునట్లు చేయుట మన తరము వంతు. వచ్చు విద్యా సంవత్సరపు ప్రకటనలు వెలువడక ముందే ప్రతి పాస్టరేటు కమిటీ ఈ మూడు మనవులను ఒకసారి తమ సభలో చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము.